బొట్లు పెట్టిన చక్రాలు

నేను అక్షరాలు నేర్చుకున్నది డ్రైవింగ్ లైసెన్సు కోసం. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. మా ఆయన ట్రాక్టర్ నడుపుతాడు. ఎక్కడికి తీసుకుపొమ్మన్నా పెళ్లయిన నాటి నుంచి "రేపు పోదాం తియ్" అనేవాడు. విని విని విసుగొచ్చి, నేనే నడుపుకుని పోతానని పట్టుబట్టాను. లైసెన్సు ఆఫీసు కంప్యూటర్‌లో ప్రశ్నలు చదవాలి కాబట్టి పక్కింటి కోడలి దగ్గర కూర్చుని తెలుగు అక్షరాలు, తర్వాత ఏబీసీడీలు దిద్దాను. ఆ పరీక్ష గట్టెక్కాను. ఇక కారు నడిపి చూపించడం మిగిలింది. అది పది రోజులుందనగా మా ఆయన కారు చక్రాలు మార్చాడు.

మాది పాత చిన్న కారు. కొన్నప్పుడు తెల్లగా, బుద్ధిగా ఉండేది. ఆయన దానికి నల్లరంగు వేయించి, పక్కల ఎర్ర గీతలు గీయించి, వెనక ఒక రెక్క బిగించాడు. ఎగరని కారుకు రెక్కెందుకు అంటే "నీకు తెల్వదు, ఊకో" అన్నాడు. ఆఖరికి హైదరాబాదు పోయి, పాత చక్రాలు దుకాణంలో ఇచ్చేసి, వాటికంటే పెద్దవీ వెడల్పైనవీ నాలుగు అల్లాయ్ చక్రాలు తెచ్చాడు. బోల్టుల రంధ్రాలు సరిపోయాయి కాబట్టి ఇంక చూడాల్సిందేమీ లేదనుకున్నాడు. బిగించాక అవి మడ్‌గార్డుల కింది నుంచి బయటికి పొడుచుకొచ్చాయి.

"ఏందయ్యా, చంకల గడ్డలు లేసినోని లెక్క నిలవడ్డది?"

"దాన్ని స్టైల్ అంటరు. నచ్చకుంటే కండ్లు మూసుకో."

"కండ్లు మూసుకొని నడిపితే లైసెన్స్ ఇయ్యరు."

మర్నాడు యాదగిరిగుట్టలో బండి పూజ. పూజారి ప్రతి చక్రానికీ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించాడు. పోయేటప్పుడు ఇద్దరమే. తిరుగు ప్రయాణంలో మా ఆడబిడ్డ, ఆమె పెనిమిటి, ఇద్దరు పిల్లలు కూడా ఎక్కారు. బరువు పడగానే కారు కిందికి దిగింది. మొదటి మలుపులోనే గర్రుమని చప్పుడు.

"వదినా, కారు గొణుగుతాంది" అంది ఆడబిడ్డ.

"కొత్తయి గదా, రుద్దుకోంగ రుద్దుకోంగ సాఫైతయి" అన్నాడు మా ఆయన.

"చెప్పులా అవి, కరిచి కరిచి సాఫయితందుకు?" అన్నాను.

అందరూ నవ్వారు గానీ నా ఆలోచన లైసెన్సు మీదికి పోయింది. పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో గీసిన దారి మీద కారు తిప్పాలి. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరుగుతుంది. అక్కడ ఇలా గర్రుమంటే కారును, నన్ను కలిపి వెనక్కి పంపుతారు.

నల్లగొండలో మాకు తెలిసిన మెకానిక్ చూసి, "చక్రానికి ఎనుక ఇనుప బిళ్లలు ఏద్దాం అత్తమ్మా" అన్నాడు. బిళ్ల వేస్తే చక్రం ఇంకా బయటికి రాదా అని నా అనుమానం. ఇంటికి పోయి జొన్నపిండి ముద్ద కలిపి తెచ్చాను. చక్రం పైన, బయటి అంచున, లోపలి వైపు పిండి అతికించి, అక్కడున్నవాళ్లను కారెక్కించి స్టీరింగ్ నిదానంగా తిప్పమన్నాను.

"రొట్టెల పిండితోని కారు రిపేరా?" అన్నాడు మా ఆయన.

"నీ తలకాయకు గూడ అతికించి చూద్దామా, లోపల ఎంత జాగా ఉన్నదో?"

బయటి అంచు దగ్గర పిండి తెగిపోయింది. లోపలి వైపు బొటనవేలంత మందం మిగిలింది. మెకానిక్ తల గోక్కుని, "బిళ్లలొద్దు అత్తమ్మా. చక్రం లోపలికి పోవాలె" అని డిక్కీలో ఉన్న పాత స్టెప్నీ తీసి వెనక్కి తిప్పాడు. ఈటీ నలభై ఐదు అని పోత పోసి ఉంది. కొత్తదాని మీద ఇరవై. నేనే చదివాను. చక్రం వెడల్పుకు సరిగ్గా నడిమి నుంచి బోల్టులు బిగించే చోటు ఎంత బయటి వైపుకు ఉందో ఆ అంకె చెబుతుందట. దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. అంకె పెద్దదయితే చక్రం లోపలికి కూర్చుంటుంది, చిన్నదయితే బయటికి వస్తుంది. నేను చదివిన మొదటి ఇంగ్లిష్ పుస్తకం కారు చక్రం వెనక భాగమే.

చక్రాలు విప్పి బస్సులో వేసుకుని హైదరాబాదు తీసుకుపోయాం. మా పాతవి అప్పటికే అమ్ముడుపోయాయి. దుకాణదారు కొత్తవాటి మీది పసుపు చూసి చేతులెత్తేశాడు.

"బొట్లు పెట్టినంక వాపస్ తీస్కోనమ్మా. పూజయిన చక్రం ఇంకోళ్లు కొంటరా? ఇగ అవి మీ ఇంటి కోడండ్లు."

పూజ మాట రాగానే మా ఆయన చెంపలేసుకున్నాడు.

"పడని ఇంట్ల కాపురం చెయ్యమని నేను ఏ కోడలికీ చెప్పను. అందుకే పుట్టింటికి తోల్కొచ్చిన" అన్నాను.

అతను నవ్వాడు. మరక లేకుండా కడిగిస్తే మారుస్తానన్నాడు. దుకాణం ముందే కూర్చుని చింతపండు వేసి తోమాను.

"దేవుని బొట్లే గవి! పాపం తగుల్తది" అని మా ఆయన గొణిగాడు.

"దేవునికి నేను జెప్పుకుంట. నువ్వు నీళ్లు పొయ్యి."

తర్వాత దుకాణదారు చూపించిన ప్రతి చక్రాన్నీ వెనక్కి తిప్పమన్నాను. ఇరవై, వద్దు. ముప్పై, వద్దు. చివరికి ఒక అంగుళం చిన్నవి, వెడల్పు తక్కువవి, నలభై రెండు అంకెవి దొరికాయి. మా ఆయన మూతి ముడిచాడు, "మరీ బుద్ధిమంతుల లెక్కున్నయి" అని. ఇంటికొచ్చి బిగించి, కారు నిండా మనుషుల్ని ఎక్కించి మళ్లీ పిండి పెట్టి చూశాను. ఎక్కడా తెగలేదు. ఆ పిండి కోళ్లకు వేశాను.

పరీక్ష రోజు మా ఆయన కంచె అవతల గొంతుక్కూర్చుని చూశాడు. నన్ను కాదు, చక్రాల్ని. ఎనిమిది అంకె అటూ ఇటూ తిప్పి ఆపాను. ఏ చప్పుడూ రాలేదు. దిగగానే ఉరికొచ్చాడు.

"జర గూడ రుద్దలే!"

"నేను పాసైన."

"గదే అంటున్న గదా."

లైసెన్సు చేతికొచ్చిన వారమే నందికొండ డ్యాం చూడ్డానికి బయలుదేరాం. నేను నడిపాను. ఆయన పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి ముందు చక్రం కేసి చూస్తున్నాడు.

"తల లోపల పెట్టు" అన్నాను. "నేను పోయేది డ్యాం కాడికి, దవాఖానకు గాదు."