గట్టు మీద గొడుగు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు సత్తెనపల్లి బస్టాండులో తెలిసింది. బడి వదిలాక నరసరావుపేట బస్సు కోసం నిలబడితే, పక్కన ఇద్దరు మిరపకాయల వ్యాపారులు మాట్లాడుకుంటున్నారు. "పేటలో ఆ ఆడోళ్ల దళారి లేడూ, పొద్దున పోయాడంట" అన్నాడు ఒకాయన. రెండో ఆయన నవ్వి, "ఇంకేం, ఇక పొలాల బేరాలు తొందరగా తెగుతయ్యిలే" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

మామయ్య పొలాలు కొనిపెట్టేవాడు, అమ్మిపెట్టేవాడు. తాత పంచి ఇచ్చిన మెట్ట చెక్కలో రెండేళ్లకోసారి కూడా పంట చేతికి రాక ఈ పనిలోకి దిగాడు. మొదట్లో ఒక పాత సైకిలు, తెల్ల తలపాగా, నల్ల గొడుగు, అంతే ఆయన వ్యాపారం. సాగర్ డ్యాము పని మొదలయ్యేసరికి కాలవ వస్తుందన్న మాట గాలిలో తేలింది. తెనాలి, రేపల్లె వైపు నుంచి డెల్టా రైతులు మాచర్ల రైలెక్కి రావడం మొదలుపెట్టారు. పొలం అంటే ఏమిటో తెలియని వాళ్లు కూడా ఆ రోజుల్లో దళారీలైపోయారు. మామయ్య మాత్రం దాన్ని ఒక విద్యలా నేర్చుకున్నాడు.

ఆయన పొలం చూపించేది నడి వేసవిలోనే. "వానలప్పుడు ఏ చేనైనా పెళ్లికూతురు లాగే ఉంటది. ఎండల్లో చూసి నచ్చితే అప్పుడు కొను" అనేవాడు. బావి ఉంటే ముందు తాను నీళ్లు తాగి, తర్వాత కొనేవాడికి ఇచ్చేవాడు. బండి పోయే దారి ఎవరి చేలో నుంచి ఉందో దారి ఇస్తానని ఆ చేను ఆసామితోనే చెప్పించేవాడు. నేల మీద రాయి తేలి ఉంటే దాని మీద కాలు పెట్టి నిలబడి, "ఇదిగో, ఇది కూడా నీదే" అని చూపించేవాడు.

ఇవన్నీ మంచి దళారీ ఎవడైనా చేస్తాడు. ఆయనకు పేరూ, ఎగతాళీ తెచ్చిపెట్టింది వేరే పద్ధతి. దాని మూలం మా ఇంట్లో ఉంది.

మా అమ్మకు పెళ్లిలో పసుపు కుంకుమ కింద తాత నల్లరేగడి చేను ఇచ్చాడు. పట్నంలో కొట్టు పెట్టాలని మా నాన్న దాన్ని అమ్మకానికి పెట్టాడు. బేరం కుదిర్చింది మామయ్యే. చెల్లెలి భర్త అమ్ముతున్నాడంటే చెల్లెలు ఒప్పుకున్నట్టేనని ఆయన అనుకున్నాడు. మా నాన్న అమ్మతో ఏదో దారి తగాదా కాగితమని చెప్పి పేట రిజిస్ట్రారాఫీసుకు తీసుకెళ్లాడు. అమ్మ వేలిముద్ర వేసి వచ్చింది. తొలకరి పడ్డాక విత్తనాలు పట్టుకుని చేలోకి వెళితే అక్కడ వేరేవాళ్ల అరకలు తిరుగుతున్నాయి. అమ్మ ఇంటికి రాలేదు. నన్ను చెయ్యి పట్టుకుని సరాసరి మామయ్య ఇంటికి నడిచింది.

"అన్నా, నా చేను అమ్మావంటగా" అంది వాకిట్లో నిలబడి.

"మీ ఆయన నీకు చెప్పలేదా?"

"నువ్వు చెప్పావా?"

మామయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఆఫీసు కాడ వరండాలో నువ్వున్నావుగా. అన్న ఉన్నాడు, నాకేం భయమని వేలేశా" అంది అమ్మ.

ఆ రోజు ఆయన భోజనం చేయలేదని అత్తయ్య తర్వాత చెప్పింది. అప్పటినుంచి ఆయన బేరాల్లో ఒక షరతు చేరింది. ధర కుదిరినా సరే, అమ్మే వాళ్ల ఇంటి ఆడమనిషి వచ్చి, ఆ పొలం గట్టు మీద నిలబడి, కొనేవాడు వింటుండగా ఇష్టమేనని తన నోటితో చెప్పాలి. అప్పటిదాకా బయానా లేదు. ఇంట్లో అడగవచ్చుగా అంటే, "ఇంట్లో అడిగితే అత్తగారూ మొగుడూ చెప్తారు జవాబు. ఆమె చెప్పదు" అనేవాడు. ఆమె రాగానే గొడుగు ఆమె చేతికిచ్చి, మగవాళ్లందరినీ గట్టు దింపి దూరంగా ఎండలో నిలబెట్టేవాడు. తనూ ఎండలోనే నిలబడేవాడు. "తొందరేం లేదు చెల్లెమ్మా, ఆలోచించుకునే చెప్పు" అనేవాడు. ప్రతి ఊళ్లోనూ, ప్రతి ఆమెనూ, చెల్లెమ్మా అనే.

టీచరు ట్రైనింగు సెలవుల్లో ఒకసారి ఆయన వెంట వెళ్లాను. మాచర్ల దారిలో ఒక పొలం. ఆమె గొడుగు కింద చాలాసేపు నేల చూస్తూ నిలబడి, "నా పిల్లలకి ఇదొక్కటే ఉంది" అంది. మామయ్య వెంటనే, "బేరం లేదు, పదండి" అన్నాడు. ఆమె భర్త మామయ్య చొక్కా పట్టుకున్నాడు. "నా పొలం నేనమ్ముకోటానికి నీ పెత్తనమేందిరా" అన్నాడు. మామయ్య చొక్కా విడిపించుకుని సైకిలెక్కాడు. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి నాతో, "ఆమెను కొడతాడేమోనే" అన్నాడు. సైకిలు మళ్లించి, ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఎవరింటి అరుగు మీదో పడుకుని, మర్నాడు ఆమె బావికి రావడం చూశాకే కదిలాడు.

ఇలాంటి మనిషికి బేరాలెలా వస్తాయి? గురజాల వైపు ఒక పెద్దరైతు, కాలవ గీత ఎక్కడ పోతుందో ముందే తెలుసుకుని, దాని కింది చిన్నచిన్న చెక్కలన్నీ తనకు కొనిపెట్టమని పిలిచాడు. మామయ్య తన షరతు చెప్పాడు. కాలవ సంగతి కూడా అమ్మేవాళ్లకు గట్టు మీదే చెప్తానన్నాడు. "దళారివా, ఆడోళ్ల పేరంటాలు పెట్టేవాడివా?" అని ఆయన పదిమందిలో నవ్వాడు. ఆడోళ్ల దళారి అన్న పేరు అక్కడ పుట్టింది. ఆ పేరుతో పాటు బేరాలు పోయాయి. అత్తయ్య బర్రె పాలు అమ్మి ఇల్లు నడిపింది.

మళ్లీ ఆయన్ని నిలబెట్టింది డెల్టా వాళ్లే. ఇతరుల చేతుల మీద కొన్న పొలాలు కోర్టుకెక్కాయి. చెప్పకుండా అమ్మాడని భార్యలూ, విధవ వదినెలూ, అక్కచెల్లెళ్లూ అడ్డం పడ్డారు. మామయ్య చూపించిన పొలాల్లో అలాంటి తగాదా లేదు. దాంతో రైలు దిగినవాళ్లు ఆయన ఇంటినే వెతుక్కుంటూ వచ్చారు. చివరి ఏళ్లలో ఆయన మాటకు ఉన్న విలువ ఏ ప్లీడరుకూ లేదు. కాలవ కింద మంచి పొలం తనకూ కొనుక్కున్నాడు.

పేటలో సంతాప సభ పెట్టారు. ఆ గురజాల పెద్దరైతే దండ వేసి, "ఇంత నిజాయితీపరుణ్ణి చూడలేదు" అని గొంతు గద్గదం చేసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎగతాళి చేసి అన్నం లేకుండా చేసినవాడికి, పోయాక పొగిడే హక్కు ఎవరిచ్చారు? ఆ రోజు లేచి అడగాల్సింది. అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది.

మామయ్య మీద కూడా నాకు కోపం ఉంది. ఆ కాలవ కింది పొలాన్ని ఆయన కొడుకుల పేర రాయించాడు. "అత్తయ్యనెప్పుడన్నా గట్టెక్కించి అడిగావా మావయ్యా?" అని ఒకసారి నిలదీశాను. ఆయన తెల్లబోయాడు. "మనింట్లో అట్టాంటిదేముందే? నా కొడుకులు దాన్ని అన్యాయం చేస్తారా?" అన్నాడు. పల్నాడంతా తిరిగి ఆడవాళ్లను అడిగినవాడు, తన గడప లోపల మళ్లీ ఆ మొదటి తప్పే చేశాడు. మనవాళ్లేలే అనుకున్నాడు.

పెద్దకర్మ అయిందో లేదో బావలిద్దరూ ఆ పొలం బేరం పెట్టారు. గుంటూరులో సినిమాహాల్లో వాటా కొంటారట. అత్తయ్యకు ఆ సంగతి పాలు పోయించుకునే ఆవిడ చెప్పింది. కొనే ఆయన వస్తున్న రోజు అత్తయ్య నాకు కబురు పెట్టింది. వెళ్లేసరికి ఆమె చిలక్కొయ్యకున్న మామయ్య గొడుగు తీసి తుడుస్తోంది. ఇద్దరం నడిచి పొలం చేరాం.

"ఎండలో నువ్వెందుకొచ్చావే అమ్మా?" అన్నాడు పెద్ద బావ, మొహం మాడ్చుకుని. అత్తయ్య గొడుగు విప్పి గట్టెక్కింది.

కొనడానికి వచ్చినాయన తెనాలి వైపు ముసలి రైతు. మునుపు మామయ్య చేతి మీదే పొలం కొన్నవాడు. గొడుగును చూడగానే ఆయన చెప్పులు విడిచాడు.

"ఆమె సంతకంతో పన్లేదండి. పొలం మా పేరునే ఉంది" అన్నాడు చిన్న బావ.

"సంతకం మాట కాదు బాబూ" అని, ఆయన గట్టు దిగి దూరంగా ఎండలో నిలబడ్డాడు. బావలు కూడా దిగక తప్పలేదు. "అమ్మా, తమకిష్టమేనా? తొందరేం లేదు, ఆలోచించుకునే చెప్పండి" అన్నాడాయన.

అత్తయ్య తొందరపడలేదు.

"ఇన్నేళ్లకి నన్నొకళ్లు అడిగారు" అంది. "నాకిష్టం లేదు."

ఆయన దణ్ణం పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. "ఈ ముసలాడు కాకపోతే ఇంకోడొస్తాడు" అన్నాడు పెద్ద బావ నావైపు చూసి. నిజమే, వస్తాడు. అడగనివాడే వస్తాడు. కాగితం ప్రకారం ఆ పొలంలో అత్తయ్యకు ఏమీ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మొన్న ఆదివారం వెళితే ఇల్లు తాళం వేసి ఉంది. పొలం దారి పట్టాను. చేలో పనివాళ్లెవరూ లేరు. దూరంగా గట్టు మీద నల్ల గొడుగు కనిపించింది. దాని కింద అత్తయ్య, పక్కన అన్నం గిన్నె, చూపు, రైలు దిగి పొలం కొనేవాళ్లు వచ్చే బండి దారి మీద.