మిర్చి బస్తాల నడుమ డ్రిబ్లింగ్

ఇప్పుడు ఏ గ్రౌండుకు వెళ్లినా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే చోట నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు వరుసగా పెట్టి కనిపిస్తాయి. పిల్లవాడికో బంతి, మెడలో విజిల్ వేసుకున్న కోచ్, గట్టు మీద నీళ్ల సీసాలు పట్టుకుని కూర్చున్న తల్లులు. చూడముచ్చటగా ఉంటుంది. మేం వరంగల్‌లో పెరిగిన ఆ డెబ్బైల నాటి రోజుల్లో మాత్రం మా గల్లీ మొత్తానికీ కలిపి ఒకటే బంతి ఉండేది. గాలి నిలిచిన రోజు అది గుండ్రంగా ఉండేది, నిలవని రోజు గుమ్మడికాయలా ఒక పక్కకు ఒరిగేది. అలాంటి కాలంలో నేను పిల్లలకు డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలి దగ్గరే పెట్టుకుని మనుషులను తప్పించుకుంటూ తీసుకుపోయే విద్య, ఒక పద్ధతి ప్రకారం, టైంటేబుల్ వేసి మరీ నేర్పాను. కోన్లు లేవు కాబట్టి మిర్చి బస్తాలతో నేర్పాను. ఎంత గట్టిగా నేర్పానంటే, ఆ పాఠం ఇప్పటికీ నా కాళ్లను వదల్లేదు.

మాది మిర్చి అడ్తి దుకాణం. వర్ధన్నపేట వైపు నుంచి రైతులు బండ్ల మీద తెచ్చిన సరుకును అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం మా పని. ముందర బాపు, అంటే మా నాన్న, కూర్చునే గద్దె, వెనక గోదాము, రెండింటి మధ్య బండలు పరిచిన వాకిలి. బి.ఏ. పూర్తి చేసిన నన్ను ఆ గద్దె మీద కూర్చోబెట్టాలని బాపు ఆశ. నాకేమో పీటీ సారు కావాలని ఉండేది. (కాలేజీ టీములో నేనూ ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆడిన మ్యాచుల కన్నా, ఆడేవాళ్ల చెప్పులకు కాపలా ఉన్న మ్యాచులే ఎక్కువ. అయినా జెర్సీ వేసుకునే కాపలా ఉన్నాను.) అందుకు ట్రైనింగ్ కాలేజీకి పోవాలి, దానికి బాపు ఒప్పుకోవాలి. ఒకరోజు మధ్యాహ్నం, బేరాలు బాగా సాగి ఆయన నవ్వుతూ ఉన్న సమయం చూసి సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. నిజంగానే అర్థం కాక అడిగారు.

“పోరగాండ్లు ఊకెనే ఉరుకుతాంటరు. వాల్లకు ఉరుకుడు నేర్పెతందుకు గూడ జీతమిస్తరారా?”

ఇస్తారని, అది సర్కారు నౌకరీయేనని, ఆట నేర్పడం ఒక శాస్త్రమని నేను ఆవేశంగా చెప్పుకుపోయాను. ఆయన అంతా విని, వ్యాపారస్తుడు కదా, ఒక బేరం పెట్టారు. సుబేదారిలో ఆఫీసర్ల పిల్లలకు ఒక ఫుట్‌బాల్ టీము ఉండేది. బూట్లు, మేజోళ్లు, ఇస్త్రీ నిక్కర్లు. మా గల్లీ పిల్లలను తయారుచేసి ఆ టీము మీద గెలిపిస్తే నేను ఎక్కడికైనా పోవచ్చు. ఓడితే గద్దె మీద కూర్చుని మళ్లీ బంతి మాట ఎత్తకూడదు. నేను క్షణం ఆలోచించకుండా సరేనన్నాను. ఆ వయసులో ఆలోచన అనేది సరేనన్న తర్వాత వచ్చేది.

మా పిల్లల్లో హమాలీల కొడుకులున్నారు, దుకాణదార్ల కొడుకులున్నారు. వాళ్లందరిలో ముఖ్యుడు కొత్తవాడ నుంచి రోజూ నడిచి వచ్చేవాడు. వాళ్లింట్లో జంపఖానాలు నేసేవాళ్లు. మగ్గం మీద నాడె ఇటూ అటూ ఉరికినట్టు వీడూ ఒక చోట నిలవడని ఇంట్లో నాడె అని పిలిచేవాళ్లు, మాకూ అదే పేరు అలవాటైంది. చిలుక ముక్కు, పుల్లల్లాంటి కాళ్లు, మనిషి చూస్తే గాలికి పడిపోయేట్టు ఉండేవాడు. కానీ బంతి వాడి కాలికి ఒకసారి తగిలిందంటే తిరిగి ఇప్పించుకోవడం కష్టం. వాడిని చూసే నేను నిర్ణయానికొచ్చాను. మా వాళ్లకు బూట్లు లేవు, బలం లేదు, అందువల్ల మనం డ్రిబ్లింగ్‌తోనే గెలవాలి.

పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు నేను గీసిన ప్లాను ఇప్పుడు తలుచుకున్నా నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. మిర్చి బస్తాలను వాకిట్లో ఒకదాని వెనక ఒకటి నిలబెట్టాలి. మొదటి వారం బస్తాకూ బస్తాకూ మధ్య ఎద్దుల బండి పట్టేంత జాగా, తర్వాత సైకిల్ పట్టేంత, ఆ తర్వాత మనిషి ఒరిగి నడిచేంత. ఒకరోజు కాలి లోపలి వైపుతో, ఒకరోజు బయటి వైపుతో, ఒకరోజు తల ఎత్తి, బంతిని చూడకుండా. ఒకడు ఆఖరి బస్తా దాకా పోయి, దాని చుట్టూ తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి తర్వాతి వాడికి బంతి అందించాలి. అంతవరకూ మిగతా వాళ్లు వరుసలో నిలబడాలి. ఇక బాపు పెట్టిన షరతు ఒకటి. దుకాణంలో దేవుళ్ల పటాలున్నాయి, కాంటా ఉంది, కాబట్టి బంతిని తోలాలి తప్ప తన్నకూడదు. నేను ఆ షరతును కూడా ప్లానులో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. గోలు సంగతి మాత్రం రాయలేదు. డ్రిబ్లింగ్ వచ్చినవాడికి గోలు కొట్టడం ఒక లెక్కా అనుకున్నాను.

మిర్చి బస్తాతో ఒక సుఖముంది, కోచ్ అరవాల్సిన పని లేదు. బంతి కొంచెం తగిలితే చాలు, గోనె సందుల్లోంచి ఎర్రటి దుమ్ము లేచి, తగిలించిన వాడికే కాదు, వరుసలో ఉన్న వాళ్లందరికీ తుమ్ములు మొదలయ్యేవి. తుమ్మిన వాళ్లంతా కలిసి తగిలించిన వాడిని తిట్టేవాళ్లు. మొదటి రోజు గోదాము దద్దరిల్లింది. హమాలీలకు పెద్దయిన మామ ఒకాయన తలగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“చిన్న సేటూ, గిది ఆటనా, మా పోరగాండ్లకు దిష్టి తీసుడా?” అన్నాడు.

ఎవరేమన్నా ఫలితం కనబడింది. కొన్నాళ్లకు తుమ్ములు తగ్గాయి. ఇంకొన్నాళ్లకు నాడె ఆ బస్తాల మధ్య కళ్లు మూసుకుని తిరిగేవాడు. బంతి మాత్రం కుట్లలో మిర్చి పొడి నిండి ఎర్రబడింది. అమ్మ దాన్ని ఇంటి గడప దాటనిచ్చేది కాదు. వీధిలో కుక్క ఒకసారి దాన్ని వాసన చూసి, తలాడించుకుంటూ పోయి, మళ్లీ మా గుమ్మం ముందు పడుకోలేదు. నేను కూడా పిల్లలతో పాటు రోజూ వరుసలో నిలబడి ఆ బస్తాల చుట్టూ తిరిగేవాణ్ణి. సాయంత్రం గద్దె మీద నుంచి బాపు ఓ కంట చూస్తూనే ఉన్నారని తెలుసు. ట్రైనింగ్ కాలేజీ దరఖాస్తు అప్పటికే తెచ్చి పెట్టె అడుగున దాచుకున్నాను. గెలుపు మీద నాకు అంత నమ్మకం.

మ్యాచ్ హనుమకొండ వైపు పెద్ద గ్రౌండులో జరిగింది. బాపు దుకాణం ఒకపూట బందు పెట్టి, రిక్షాలో వచ్చి, గట్టు మీద గొడుగు విప్పుకుని కూర్చున్నారు. ఫుట్‌బాల్ చూడటం ఆయనకు అదే మొదలు. సుబేదారి వాళ్ల బంతి కొత్తదే, కానీ గాలి కొట్టే సూది విరిగిపోవడంతో మా ఎర్ర బంతితోనే ఆడాల్సి వచ్చింది. ఆట మొదలైన కాసేపటికే గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. మా పిల్లలు ఒట్టి కాళ్లతో ఆ బూట్ల మధ్య నుంచి నీళ్లు జారినట్టు జారిపోతున్నారు. పక్కనున్న ఎవరో పెద్దమనిషి, ఈ పిల్లలకు కోచింగ్ ఎవరిచ్చారని అడిగారు. నేను వినయంగా తల వంచుకుని, నేనే అన్నాను. నా జీవితంలో అంత వినయం మళ్లీ నటించలేదు.

కాసేపటికి ఒక వింత గమనించాను. నాడె బంతి తీసుకుని ముందుకు పోతుంటే, మిగతా మా వాళ్లలో నలుగురైదుగురు గ్రౌండు మధ్యలో ఒకరి వెనక ఒకరు వరుసగా నిలబడ్డారు, వాళ్ల వంతు కోసం. నేను గట్టు మీద నుంచి విడివిడిగా పోండని చేతులు ఊపాను. వాళ్లు కూడా సంతోషంగా నాకు చేతులు ఊపారు. రెండో సగం దాకా ఏ పక్కా గోలు కాలేదు. అప్పుడొచ్చింది అసలు సందర్భం. సుబేదారి గోల్‌కీపర్ అంతకుముందు మా బంతిని రెండుమూడుసార్లు పట్టుకున్నాడు. పట్టుకున్న చేత్తోనే కళ్ల మీది చెమట తుడుచుకున్నాడు. పాపం, రెండు కళ్లూ మూసుకుని నీళ్ల నల్లా ఎక్కడుందో అడుగుతూ గ్రౌండు బయటికి పరుగెత్తాడు. సరిగ్గా అదే సమయానికి బంతి నాడె కాలి దగ్గర ఉంది. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి దాటాడు, అందరినీ దాటేశాడు. ముందు గోలు, గోల్లో మనిషి లేడు. వాడు ఊదినా చాలు, బంతి లోపలికి పోతుంది. నేను ట్రైనింగ్ కాలేజీ గేటులోకి ఒక కాలు పెట్టేశాను.

నాడె గోలు దాకా పోయాడు. గోలు స్తంభం ముందు బంతిని చాలా అందంగా, గీత దాటకుండా చుట్టు తిప్పాడు. తిప్పి, వచ్చిన దారినే వెనక్కి బయల్దేరాడు.

గ్రౌండులో ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు. వాళ్ల వాళ్లు అడ్డం రావడం కూడా మరిచిపోయారు. వాడు అందరి మధ్య నుంచి, తల ఎత్తి, బంతిని చూడకుండా (అదీ నేను నేర్పిందే) వెనక్కి వచ్చి, వరుసలో మొదట నిలబడ్డ వాడికి బంతి అందించబోయాడు. సుబేదారి పిల్లవాడొకడు అప్పటికి తెలివి తెచ్చుకుని ఆ బంతిని మధ్యలో అందుకుని, నేరుగా పోయి మా గోల్లో కొట్టాడు. ఆ ఒక్క గోలుతో మ్యాచ్ పోయింది, ట్రైనింగ్ కాలేజీ పోయింది. నాడె నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాడి చిలుక ముక్కు కొస వణుకుతోంది.

“గోలు కానొచ్చిందన్నా. గని కాళ్లు అవే మల్లినయ్” అన్నాడు.

తిట్టాల్సింది వాణ్ణి కాదు. రోజూ సాయంత్రం ‘చుట్టు తిరిగి రా, చుట్టు తిరిగి రా’ అని గొంతు చించుకున్న వాణ్ణి నేనే. గట్టు వైపు చూస్తే బాపు గొడుగు ముడిచి రిక్షా ఎక్కుతున్నారు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, ఎవరూ పిలవకుండానే పోయి గద్దె మీద కూర్చున్నాను. గద్దె మెత్తగానే ఉంది కానీ నాకు ఏడుపొస్తోంది. బాపు వచ్చారు, చెప్పులు విప్పారు, దేవుళ్ల పటాలకు దండం పెట్టారు, అప్పుడు నన్ను చూశారు.

“ఇక్కడేం జేస్తానవ్ రా?”

ఓడిపోయాను కదా బాపూ అన్నాను.

“ఓడినవ్. నేను గూడ సూసిన” అని ఆయన గద్దె అంచున కూర్చున్నారు. “ఆ పోరడు గంత మందిని దాటిండు. గోలు ఖాళీగున్నది. ఆడిదాంక వొయినోడు మల్లెందుకొచ్చిండు? నేర్పినోనికే తెల్వకపాయె. సగం తూకంల కాంటా మీదికెల్లి బస్తా దించుతమారా? పో. పోయి సక్కగ నేర్సుకొని రా. నేర్పుడు రానోడే గద బడికి వొయ్యేది.”

గెలిస్తే పొమ్మన్న మనిషి, ఓడినందుకు పొమ్మన్నారు. కళ్లు తుడుచుకుంటూ మిర్చి ఘాటు అన్నాను. బాపు కూడా కండువాతో కళ్లు ఒత్తుకుని, అవును, ఘాటే అన్నారు. సరుకంతా ముందురోజే లారీలకెక్కి గోదాము ఖాళీగా ఉన్న సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

ట్రైనింగ్ కాలేజీలో మొదటి రోజే మాకు డ్రిబ్లింగ్ పరీక్ష పెట్టారు. కర్రలు పాతారు, ఆఖరి కర్ర దాటాక గోలు. నా వంతు రాగానే నేను ఒక్క కర్రకూ తగలకుండా పాములా పోయాను. సారు కూడా మెచ్చుకుంటూ చూస్తున్నారు. ఆఖరి కర్ర చుట్టూ అందంగా తిరిగి, వెనక్కి వచ్చి, తర్వాతి కుర్రాడికి మర్యాదగా బంతి అందించాను. అందరూ నవ్వారు. ఇదెక్కడ నేర్చుకున్నావయ్యా అని సారు అడిగితే, గోదాములో అన్నాను. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రాక్టీసుకు ప్లాను వేసేటప్పుడు కాగితం మీద అన్నిటికన్నా ముందు గోలు గీసేవాణ్ణి. మిగతాది తర్వాత.

బాపు పోయి చాలా ఏళ్లైంది. నేను రిటైరయ్యాను. రోజూ పొద్దున ఆ పాత గ్రౌండులోనే నడుస్తాను. మొన్న నడుస్తుంటే పిల్లల బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. చుట్టూ చూశాను, ఎవరూ గమనించడం లేదు. మెల్లగా కాలి లోపలి వైపుతో ఒకసారి, బయటి వైపుతో ఒకసారి తోలుకుంటూ గోలు దాకా పోయాను. మోకాళ్లు మూలిగాయి కానీ బంతి మాట వింది. స్తంభం దగ్గరికి రాగానే కాళ్లు అవే మళ్లాయి. అంతలో బంతి కోసం వచ్చిన పిల్లవాడు వెనక నుంచి అడిగాడు.

“తాతా, గోలు గటున్నది గద, నువ్వెటు వోతానవ్?”

నవ్వొచ్చింది. ఆగి, వెనక్కి తిరిగి, బంతిని నెమ్మదిగా లోపలికి నెట్టాను. అది గీత దాటడానికి చాలాసేపు పట్టింది. పిల్లవాడు బంతి తీసుకుని ఉరికిపోయాడు. నేను మాత్రం బాపు గొడుగు వేసుకుని కూర్చున్న గట్టు వైపు ఒకసారి చూసి ఇంటిదారి పట్టాను.