రహ్మో పేరు లేని పాట

మా రహ్మో పరుపులు కుట్టేవాడు. యెరూషలేములో కూరగాయల బజారు వెనక సందులో వాడి కొట్టు. కొట్టంటే ఎంతని, విల్లు పట్టుకుని దూది ఏకుతుంటే మోచెయ్యి వీధిలోకి వచ్చేది. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి కనుబొమలు కూడా తెల్లబడేవి. తెలియనివాళ్ళు చూసి ఒట్టి పరుపులవాడే అనుకునేవాళ్ళు. మాకు తెలుసు, ఆ వింటినారి చప్పుడు ఒక లెక్కలో పడిందంటే లోపల పాట తయారవుతోందని.

పాటలు కట్టడంలో వాణ్ణి మించినవాడు మా వీధుల్లో లేడు. పాడటం మాత్రం వాడివల్ల అయ్యేది కాదు. నోరు తెరిస్తే పిల్లులు గోడ దూకేవి. గొంతు నాది. నా పేరు సబ్రీ, బజారులో ఊరగాయలూ ఆలివ్ కాయలూ అమ్ముతాను, శనివారాలు మా యూదుల మందిరంలో ప్రార్థన పాడేది నేనే. వాడు కట్టేవాడు, నేను పాడేవాణ్ణి. మెప్పులో పెద్ద వాటా నాకే వచ్చేది. అది న్యాయమేనని ఇప్పటికీ అంటాను.

అలెప్పో అనే అరబ్బుల ఊరి నుంచి వచ్చిన మావాళ్ళకి పాట లేనిదే శుభకార్యం లేదు. వరస ఎక్కడిదైనా ఫరవాలేదు, మాట దేవుడిదైతే చాలు. కైరో రేడియోలో ఎవతో ప్రియుడి కోసం ఏడిస్తే, నెల తిరక్కుండా అదే వరస మీద మేం దేవుడి కొండ సీయోను కోసం ఏడుస్తాం. ఇదేమీ మా తరంలో పుట్టిన వేషం కాదు. మా ముత్తాతల ముత్తాతలు కూడా తుర్కీ కాఫీ కొట్ల ముందు చెవులు రిక్కించుకుని నిలబడినవాళ్ళే. మంచి వరసని అలా పరాయి నోళ్ళలో వదిలెయ్యడమే పాపమనీ, ఇంటికి తెచ్చి దేవుడి మాటలు తొడగడం పుణ్యమనీ వాదించేవారట.

బిడ్డ పుడితే ఆ బిడ్డకో కొత్త పాట కట్టాలి. బిడ్డ పేరూ తండ్రి పేరూ తాతల పేర్లూ చరణాల్లో అల్లాలి. ఒక్క పేరు జారిపోయిందా, ఆ తాత తరఫువాళ్ళు పాట కట్టినవాడి మొహం చూడరు. ఇంకో మాట కూడా చెప్పాలి. మాలో కొడుక్కి పుట్టిన మొదటి మగబిడ్డకి తండ్రిగారి తండ్రి పేరే పెడతారు. తాత నిక్షేపంగా బతికుండగానే, తాత ఒళ్ళో ఉండగానే పెడతారు. ఆ మర్నాటి నుంచి తాత తన పేరుని తనే సంకనేసుకుని బజారంతా తిరుగుతాడు.

ఊరందరి మనవళ్ళకీ పాటలు కట్టిన రహ్మో తన వంతు కోసం ఎంత ఎదురు చూశాడో నాకు తెలుసు. వాడి ఒక్కగానొక్క కొడుకు ముర్దుఖ్ ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. పిల్ల పేరు ఫ్రాదెల్. పోలండు పిల్ల. వాళ్ళూ యూదులే, యుద్ధంలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకుని ఒంటరిగా ఓడ దిగింది. చేపల కూరలో పంచదార వేసేది. రహ్మో దాన్ని లొట్టలేసుకుంటూ తింటే వాడి పెళ్ళాం లతీఫెకి ఒళ్ళు మండిపోయేది. "నా వంటకి మాత్రం ఉప్పు తక్కువ, కారం ఎక్కువ అని వంకలు!" అనేది.

ఫ్రాదెల్ నెల తప్పిందని తెలిసిన రోజే వాడు పాట మొదలెట్టాడు. వరస కైరోది, కొత్తది. తన పేరుని తీసుకెళ్ళి అన్నిటికన్నా పై స్వరం మీద కూర్చోబెట్టాడు.

"అక్కడ నువ్వు ఊపిరి ఆగేదాకా పట్టాలిరా సబ్రీ" అన్నాడు.

"ఆడపిల్ల పుడితే?"

"నీ నోట్లో ఊరగాయ పెట్టుకో" అన్నాడు.

మగపిల్లాడే పుట్టాడు. రెండు రోజులు పోయాక చక్కెర పూసిన బాదం పప్పులు పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. రహ్మో దూదిని చితకబాదుతున్నాడు. ఆ చప్పుడులో పాటా లేదు, లెక్కా లేదు.

"పాట లేదు, ఏమీ లేదు, వెళ్ళు" అన్నాడు.

"ఏమైందిరా?"

"కోడలమ్మకి నా పేరు పనికిరాదట. ఇంకేదైనా పెట్టండి, అదొక్కటీ వద్దంటుంది. ఎందుకమ్మా అంటే మంచం మీద అటు తిరిగి ఏడుస్తుంది. మొగుడికీ చెప్పదు."

వాడు కారణం తనే కల్పించుకున్నాడు. ఆ రోజుల్లో మా పేర్లంటే ఆఫీసుల్లో గుమాస్తాలు మూతి తిప్పేవాళ్ళు. అరబ్బు వాసన కొడుతున్నాయని ఎందరి పేర్లో మార్చేశారు. పోలండు పిల్లకి కూడా తన పేరు మోటుగా ఉండి ఉంటుందని వాడికి తోచింది. నాకూ అలాగే తోచింది. "అంత నామోషీ అయితే మన గడప ఎందుకు తొక్కిందట?" అని నేను ఇంకో పుల్ల ఎగదోశాను.

"అది కాదురా నా బాధ" అన్నాడు రహ్మో, విల్లు కింద పెట్టి. "పేరు పోతే పోనీ. నేను దాన్ని కూతురనుకున్నాను. అది నన్ను చూసి సిగ్గుపడుతోందా ఇన్నాళ్ళూ?"

 బాదం పప్పుల పొట్లం వాడి పక్కన పెట్టాను.

అంతలో సందు మలుపులో ఫ్రాదెల్ కనిపించింది. పచ్చి బాలింత, గోడ పట్టుకుని నడుస్తోంది. వెనకాల లతీఫె "పడుకోవే తల్లీ, పడుకోవే" అని మొత్తుకుంటూ వస్తోంది. రహ్మో గబగబా సగం కుట్టిన పరుపు లాగి కూర్చోబెట్టాడు.

"మామయ్యగారూ, మీరు రెండు రోజులుగా ఇంట్లో అన్నం తినలేదట" అంది.

"ఆకలి లేదులేమ్మా."

"నా మీద కోపం వచ్చింది."

"నీ మీద కోపమెందుకు? నా పేరు మీద నాకే వచ్చింది."

ఆమె తలెత్తి చూసింది.  తర్వాత వాడికి తప్ప ఇంకెవరికీ వినపడకూడదన్నట్టు చెప్పింది. నాకూ వినపడింది. "మావాళ్ళు బతికున్నవాళ్ళ పేరు బిడ్డకి పెట్టరు. పోయినవాళ్ళదే పెడతారు. ఒకే ఇంట్లో ఆ పేరు రెండుసార్లు వినపడితే, పెద్దవాళ్ళ పని అయిపోయిందనుకుని మృత్యుదూత తీసుకుపోతాడు. ఆ మాట నోటితో అనడానికి కూడా నాకు భయం. అందుకే చెప్పలేదు."



"అంటే... నేను పోతానని వద్దన్నావా?"

"మరెందుకనుకున్నారు?"

వాడు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. గుండెల మీద నుంచి బస్తా దింపినట్టు ఊపిరి వదిలాడు. "విన్నావటరా సబ్రీ! నేను పోకూడదట! ఓసి పిచ్చితల్లీ, నాది మా తాత పేరే. నాకు పేరు పెట్టాక ఆయన ఇంకో పెళ్ళి కూడా చేసుకున్నాడు!"

లతీఫె కూడా నవ్వింది. ఫ్రాదెల్ నవ్వలేదు.

"నిజమే అయి ఉంటుంది మామయ్యగారూ. తలకి ఎక్కుతోంది, గుండెకి ఎక్కట్లేదు. అందరూ పోయారు నాకు. ఇప్పుడు మీరున్నారు. నా చేత్తో నేనే మిమ్మల్ని పంపించలేను."

రహ్మో కళ్ళు తుడుచుకున్నాడు. అవతల సందులో గాడిదబండివాడు తప్పుకోండని అరుస్తున్నాడు. ఎవరూ కదల్లేదు.

"మీ నాన్న పేరేమిటమ్మా?"

"ఆన్షెల్."

"ఆ పేరు ఎవరికైనా పెట్టారా?"

"పెట్టడానికి ఎవరు మిగిలారు?"

"అయితే అదే పెడదాం" అన్నాడు.

అంత తేలిగ్గా అనేశాడు. జన్మంతా ఎదురు చూసినది అలా ఇచ్చెయ్యడం నావల్ల అయ్యేది కాదు. లతీఫె కూడా విస్తుపోయి చూసింది. వాడు మాత్రం పండగనాటి మొహం పెట్టి, "శనివారం భోజనాల దగ్గర మీ నాన్న ఏం పాడేవాడమ్మా?" అని అడిగాడు.

ఫ్రాదెల్ పాడింది. మాటల్లేవు. ఒట్టి వరసే, బల్ల మీద చేత్తో కొట్టుకుంటూ పాడే రకం. రెండోసారి పాడేసరికి రహ్మో విల్లు అందుకుని నారి మీటుతున్నాడు.

నేను గొడవపడ్డాను. "ఎనిమిదో నాడు సున్తీకి పాడే రాగం మనకొకటుంది కదరా! ఇది మన రాగాల్లో దేనికీ చెందదు. అటూ పోదు, ఇటూ పోదు. ఆన్షెల్ అనే పేరు ఏ చరణంలోనూ కూర్చోదు."

"కాఫీ కొట్టు వరస తెచ్చుకోవచ్చు గాని వియ్యంకుడి వరస తెచ్చుకోకూడదా?" అన్నాడు. "నీ గొంతు సర్దుకో ముందు."

ఎనిమిదో రోజు వాళ్ళ ఇంటి నిండా జనం. రహ్మో పీట మీద కూర్చున్నాడు, బిడ్డ వాడి ఒళ్ళో. పక్క గది గుమ్మంలో ఆడవాళ్ళ మధ్య ఫ్రాదెల్. సున్తీ ముగిసింది, బిడ్డ కేరుమన్నాడు. పేరేమిటని అడిగితే ముర్దుఖ్ "ఆన్షెల్" అన్నాడు. గదంతా గుసగుసలు. మాలో అందరికన్నా పెద్దవాడైన సియాహు తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమిటీ? ఏమిటీ?" అన్నాడు.

నేను పాట ఎత్తుకున్నాను. మొదటి చరణానికి మావాళ్ళు బిక్కమొహాలు వేశారు. రెండోదానికి పల్లవి పట్టుకున్నారు. ఆన్షెల్ పేరు వచ్చేచోట ఫ్రాదెల్ గుమ్మం పట్టుకుంది. వాళ్ళ నాన్న వరసలో వాళ్ళ నాన్న పేరు అంతమంది ఒక్కసారిగా అంటుంటే ఆ పిల్ల మొహం చూడలేక నేను గోడ వైపు తిరిగి పాడాను.

పాట అయిపోయింది. సియాహు తాత చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"తండ్రి తరఫు తాత పేరేదిరా? ఇలాంటి కుంటి పాట నా జన్మలో వినలేదు!"

నిజమే. అన్ని పేర్లూ ఉన్నాయి, రహ్మోదొక్కటే లేదు. పాడేటప్పుడు నేనే గమనించలేదు.

"కావాలనే మానేశాను తాతా" అన్నాడు రహ్మో మెల్లగా. "వదిలెయ్యండి."

"ఎందుకు వదలాలి?" ఆ గొంతు ఫ్రాదెల్‌ది. మగవాళ్ళందరూ అటు తిరిగారు. ఆమె సియాహు తాతనే అడిగింది. "తాతగారూ, పాటలో బతికున్నవాళ్ళ పేరు దేనికి పెడతారు?"

"ఆయుష్షు కోసమమ్మా. ఈ మనిషి మాకు కావాలి, మా దగ్గరే ఉంచు అని దేవుడికి చెప్పడం."

"బిడ్డకి పెట్టినట్టు కాదుగా?"

"దానికీ దీనికీ సంబంధమే లేదు."

ఆమె రహ్మో వైపు తిరిగింది. "అయితే పెట్టండి మామయ్యగారూ. మా నాన్న పక్కనే పెట్టండి. గట్టిగా పాడించండి."

రహ్మో బిడ్డ మొహంలోకి చూస్తూ అక్కడికక్కడ ఒక చరణం కట్టి నాకు చెప్పాడు. ఆ వరసలో పై స్వరం ఎక్కడుందో వెతుక్కుని వాడి పేరు అక్కడ పట్టాను. ఊపిరి ఆగేదాకా పట్టాను. జనం "ఇంకోసారి, ఇంకోసారి" అన్నారు. పాట సాగినంతసేపూ ఫ్రాదెల్ కళ్ళు రహ్మో మీదే ఉన్నాయి. ఆఖరి మాట పూర్తయ్యాక కూడా రెప్ప వెయ్యలేదు.

రహ్మో లేచి వెళ్ళి బిడ్డని ఆమె చేతుల్లో పెట్టాడు.

"చూశావా, ఇక్కడే ఉన్నాను" అన్నాడు.

ఆమె నవ్వింది. తర్వాత ఆకలేస్తోందని లతీఫెని అన్నం పెట్టమంది.