మా అవ్వ చెప్పని కథ

దగ్గరికి జరుగు తల్లీ, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఏడేళ్లుగా గుండె మీద తిరగలిరాయి పెట్టుకుని తిరుగుతున్నాను.

ఢిల్లీలో మన తెలుగు పిల్లలు చదివే ఒక బడిలో ఆయాగా చేశాను. చదువు నాలుగో తరగతితో సరి. జ్ఞాపకం మాత్రం గట్టిది. ఎవరి పెళ్లిలో ఏ కూర వండారో నన్నే అడిగేవారు. ఆ గర్వమే నన్ను ముంచింది.

పదకొండో తరగతిలో చరిత్ర తీసుకున్న పిల్లలకు వరంగల్ నుంచి వచ్చిన టీచరమ్మ సినిమాలు వేసి పాఠం చెప్పేది. సినిమా అయ్యాక, ఆ కాలం సంగతులు తెలిసినవాళ్లను పిలిచి కూర్చోబెట్టేది. తెర మీద చూసింది నిజమో కాదో పిల్లలు వాళ్లను అడిగి తేల్చుకోవాలి. దొరల కాలం సినిమా వేసిన రోజు నన్ను పిలిచింది. మా అవ్వ దొర గడీలో వెట్టి చేసిందని నేనే ఎప్పుడో చెప్పాను.

కానీ అవ్వ ఆ రోజుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే గోడవైపు తిరిగి పడుకునేది. ఇరవైమంది పిల్లలు పెన్నులు పట్టుకుని నా నోటివంక చూస్తుంటే, నాకేమీ తెలియదని ఎలా అనను? అనొచ్చుగా? అనలేదు. చిన్నప్పుడు డేరా టాకీసులో చూసిన ఒక సినిమా ముక్కను అవ్వకు తగిలించాను. దొర మనుషులు సోదాకొస్తే అవ్వ విత్తనాల మూట ఉయ్యాలలో దాచి, లేని బిడ్డకు జోల పాడిందన్నాను. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది.

కావ్య లేచింది. ఏది చెప్పినా ఎందుకు, ఎలా అని అడిగే పిల్ల.

“ఆంటీ, యే తో పిక్చర్ కా సీన్ హై! ఇది సినిమాలోదే! మా నానమ్మ ఫోన్‌లో పదిసార్లు చూసింది.”

పిల్లలు గొల్లుమన్నారు.

“పెద్దామె తన ఇంటి సంగతి చెప్తుంటే నీకు మజాకా? సారీ చెప్పు,” అంది టీచరమ్మ.

“మీరే చెప్పండి ఆంటీ,” అంది కావ్య నన్నే చూస్తూ.

నేను తల వంచుకున్నాను. చివరికి ఆ పిల్లే, “సారీ ఆంటీ,” అంది.

“పోనీలే బిడ్డా,” అన్నాను.

క్షమించాను! అబద్ధమాడింది నేనైతే, నిజం చెప్పిన పిల్లను నేను క్షమించాను. ఆ తర్వాత ఆ పిల్ల క్లాసులో చెయ్యెత్తలేదు. నెల తిరక్కుండానే చరిత్ర వదిలేసి వేరే సబ్జెక్టుకు మారిపోయింది. మిగతావాళ్లు నా అబద్ధాన్ని చరిత్ర అని రాసుకున్నారు. అవ్వ గోడవైపు తిరగడమే అసలు చరిత్ర అని, అది చెప్పినా సరిపోయేదని, నాకప్పుడు తట్టలేదా? తట్టినా, ఇంత జ్ఞాపకమున్న మనిషి ఉత్త చేతులతో వచ్చిందంటారని భయపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

కావ్య తప్పు మాట్లాడలేదు. నేనే అబద్ధమాడాను. ఇంతే మాట. అనేశాక కాస్త ఊపిరాడుతోంది, చేసింది మాత్రం చెరగదు.

నీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. నిజం అడిగిన పిల్లలచేత ఆ ఇంట్లో ఎవరూ సారీ చెప్పించకుండా ఉండాలి.