పాటకో పిడికెడు

ఆ రోజు సాయంత్రం తూకం దగ్గర, షెడ్డులోని ఆడవాళ్ళందరూ చూస్తుండగా, ఒక ముసలామెను రేపటి నుంచి పనికి రావద్దన్నాను. తప్పు నాదే. ఎంత తప్పో కాసేపటికే తెలిసింది. దిద్దుకోవడమే కష్టమైంది.

ముదిగుబ్బ దగ్గర వేరుశనగ మిల్లులో ఆ సీజనుకే సూపర్‌వైజరుగా చేరాను. యంత్రం కాయ ఒలిచి పోస్తే, ఆడవాళ్ళు చేటలు ముందేసుకుని పుచ్చు గింజలూ ముడతలు పడినవీ ఏరి పారేస్తారు. మంచి గింజ ఎంత ఏరితే అంత కూలి. ఆ ఏడు కాయలో గింజ ఊరే వేళకు వాన మొహం చాటేసింది. వచ్చిన గింజలో సగం ముడతలే. ఎంతసేపు ఏరినా సంచి ఒక పట్టాన నిండేది కాదు. షెడ్డులో ఎవరి ముఖం చూసినా దిగులే.

పనిచోట పాటలు పెడితే మనుషులు హుషారుగా పని చేస్తారని ఫోనులో ఏదో వీడియోలో ఎవరో చెబుతుంటే విన్నాను. నాకది బాగా నచ్చింది. అనంతపురం పోయి పెద్ద స్పీకరు తెచ్చి షెడ్డు దూలానికి కట్టించాను. పొద్దున్నే సినిమా పాటలు పెట్టి నా గదిలో కూర్చున్నాను. మధ్యాహ్నం తొంగి చూస్తే అందరూ తలలు వంచుకుని ఏరుతున్నారు. ఒక్కరూ మాట్లాడుకోవడం లేదు. పాటల మహిమ అనుకున్నాను.

సాయంత్రం తూకానికి వస్తే, ఆ అవ్వ సంచి మిగతావాళ్ళ సంచుల్లో సగం కూడా లేదు. అంతకుముందు ఎన్నడూ అంత తగ్గలేదు. ఎందుకని అడగాల్సింది. అడగలేదు.

"అవ్వా, నీకు చూపు ఆనడం లేదు. ఇంక ఇంటిపట్టున ఉండు," అన్నాను.

ఆమె చేటను గోడకు కొట్టి దుమ్ము దులిపి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. రోజూ అందరూ చేటలు షెడ్డులోనే వదిలి పోతారు. చేట పట్టుకుపోయిందంటే ఇంక రాదన్నమాట.

ఆమె పక్కన కూర్చునే ఆడమనిషి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏం సార్, అవ్వను ఎల్లగొట్టినావా?"

"పని సాగడం లేదు కదమ్మా."

"అవ్వకు చూపు తగ్గి శానా కాలమాయ. వేళ్ళతో తడుముకుంటా ఏరతాది. ఇన్నాళ్ళూ ఆ సంచి ఎట్ల నిండుతాండె అనుకున్యావు? ఆయమ్మ పాడతాది. పాట అయిపోతానే మేము తలా ఒక పిడికెడు మంచి గింజలు ఆయమ్మ చేటలో ఏస్తాము. మా అత్త ఏరే కాలం నుంచీ ఇంతే."

"మరి ఈ రోజు?"

"ఈ పొద్దు నీ డబ్బా పాడె కదా. దానికి ఎయ్యల్లనా పిడికెడు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు.

"పాట లేకపోయినా వేసి ఉండొచ్చు కదా," అన్నాను. తప్పును వాళ్ళ మీదికి నెట్టాలని చూశాను.

"ఏసినాము. తిరిగి మా చేటల్లోకే పోసింది. ఊరికే తీసుకునేదానికి నేనేమన్నా అడుక్కుతినేదాన్నా అనింది."

నా గదికీ షెడ్డుకీ మధ్య ఉన్నది రేకు గోడే. అవ్వ పాట నాకు రోజూ వినిపించేది. కాలక్షేపం చేస్తున్నారని విసుక్కునేవాణ్ణి. హుషారు కోసం పాట కావాలని అనంతపురం దాకా వెళ్ళినవాణ్ణి, గోడ అవతలి పాటను పాటగా లెక్క వేయలేదు. దాంతో ఒక మనిషి కూలి ముడిపడి ఉందని అసలే తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో మేకపిల్లకు ఆకు వేస్తోంది.

"తప్పయిపోయింది అవ్వా. పనికి రా."

ఆమె తల ఎత్తలేదు. "పాడేదానికి పిలుస్తాండావా, ఏరేదానికి పిలుస్తాండావా?"

"ఏరేదానికే. పాడేదీ పాడనిదీ నీ ఇష్టం."

"చూపు లేదని నలుగురిలో అంటివి కదప్పా."

"ఆ నలుగురిలోనే తప్పు నాదని చెప్తాను."

"చెప్పు, చూస్తాము," అంది. వస్తానని మాత్రం అనలేదు. నేను బండి తిప్పుకునేసరికి చేట తీసుకుని బయటికి వచ్చింది. బండెక్కమంటే, నడుస్తానంది.

స్పీకరు విప్పించాను. అవ్వ వచ్చాక తూకం దగ్గర నిలబడి, నిన్న నేనన్న మాట తప్పనీ, అవ్వ చోటు అవ్వదేననీ చెప్పాను. అందరూ ఏరడంలో పడ్డారు. అవ్వ మాత్రం పాడలేదు. పొద్దు నెత్తికెక్కింది. గదిలో కూర్చోలేక నేనూ ఒక చేట అడిగి తీసుకుని వరసలో చివర కూర్చున్నాను.

అవ్వ పాట ఎప్పుడు మొదలుపెట్టిందో గమనించలేదు. ఏటిలో నీళ్ళు లేవని తెలిసీ బిందె ఎత్తుకుని పోయిన కోడలి పాట. మాటలు అప్పటికప్పుడు కట్టుకుంటోంది. చివరికొచ్చేసరికి దూలానికి డబ్బా కట్టిన సారు కూడా పాటలోకి వచ్చాడు. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పాట అయిపోగానే ఒక్కొక్కరే లేచి పిడికెడు ఆమె చేటలో వేశారు. అందరి తర్వాత నేను వేశాను. ఆమె వేళ్ళతో తడిమి చూసింది.

"ఇవి ఎవురివి? అన్నీ ముడతలే."

"నావే అవ్వా."

"పో, బాగా ఏరుకోని రా."

నా గింజలు నా దోసిట్లో పోసింది. తీసుకుని వెళ్ళి నా చేట ముందు కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి ఏరాను.