ఎవ్వరూ చనిపోని నవల కోసం

మొన్న నేను పనిచేసిన యూనివర్సిటీ లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చింది. నేను రిటైరయిన తరువాత చేరిన అమ్మాయి, ఎంతో మర్యాదగా, "మేడం, స్టాఫ్ అందరం ఒక్కొక్కళ్ళకు నచ్చిన బుక్ గురించి చిన్న వీడియో చేస్తున్నం, మీరు గూడ వస్తె బాగుంటది, ఒక్క నిమిషం చాలు" అని అడిగింది. మోకాళ్ళు సహకరించకపోయినా కాదనలేక తార్నాక చౌరస్తాలో ఆటో ఎక్కి క్యాంపస్‌కు వెళ్ళాను. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి ఎదురుగా ఫోన్ నిలబెట్టారు. అంతా సిద్ధంగా ఉంది గానీ నాకే మాట పెగలలేదు. పుస్తకాలు తెలియక కాదు, ఎవరికి చెబుతున్నానో తెలియక. చివరికి ఏదో ఒక పేరు చెప్పి, వాళ్ళిచ్చిన చాయ్ తాగి, ఇంటికొచ్చి చెప్పులు విప్పే ఓపిక కూడా లేక అలాగే కుర్చీలో కూలబడ్డాను. కళ్ళు మూసుకుంటే మాత్రం ఎన్నో ఏళ్ళ కిందటి మనిషి ఒకావిడ కౌంటర్ అవతల వచ్చి నిలబడింది.

నేను ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో లైబ్రరీ ఎలా ఉండేదో నా ఈడువారికి చెప్పనక్కరలేదు. కార్డుల సొరుగులు, కిర్రుమనే ఫ్యాన్లు, పాత కాగితం వాసన, సాయంత్రమయ్యేసరికి సీతాఫల్‌మండిలో లోకల్ రైలు అందుకోవాలని గడియారం వైపు చూసే విద్యార్థులు. కౌంటర్‌లో నాతోపాటు నాకంటే పదేళ్ళు పెద్దావిడ పనిచేసేది. నేను ఆమెను అక్క అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. జనగామ వైపు పల్లెటూరు, ఆదివారం చర్చికి తప్ప ఎక్కడికీ వెళ్ళేది కాదు గానీ బస్సులో నిలబడి కూడా నవలలు చదివేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకొని, ముందురోజు చదివింది ఒకరికొకరం చెప్పుకోవడమే మా ఇద్దరి సరదా. అది మెల్లగా కౌంటర్ దాటి పాఠకులకు పాకింది. అడిక్‌మెట్ గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు పరీక్షలైపోగానే వచ్చి, అక్క ఏది చదువుతోందో అదే తమకూ కావాలని పట్టుబట్టి కూర్చునేవారు. ఆ రోజుల్లో మాకు జీతం తక్కువైనా గీర తక్కువేమీ కాదు. మనిషిని చూడగానే ఏ పుస్తకం ఇవ్వాలో చెప్పగలమనుకునేవాళ్ళం.

ఆ గీర దిగింది, మొన్న నా కళ్ళ ముందు నిలబడిన ఆవిడ వచ్చిన రోజున. క్యాంపస్‌లోనే ఒక ఆఫీసులో కొత్తగా చేరిన టైపిస్టు. భర్త అదే ఆఫీసులో గుమాస్తాగా ఉండి రోడ్డు ప్రమాదంలో పోతే, ఆయన చోట ఈమెకు నౌకరీ ఇచ్చారని అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. లంచ్ టైములో వచ్చి, కాసేపు తటపటాయించి, చిన్న గొంతుతో అడిగింది.

"మేడం, ఏదన్న మంచి కథల బుక్ ఉంటె ఇయ్యుండ్రి. గని అందుల ఎవ్వరు సచ్చిపోవద్దు."

సరేనని ధీమాగా లోపలికి వెళ్ళాను. నాకు ఇష్టమైన అరల ముందు నిలబడ్డాక తెలిసింది. ఒకదాంట్లో తల్లి పోతుంది, ఒకదాంట్లో ప్రేమించినవాడు పోతాడు, ఇంకోదాంట్లో ఊరికి ఊరే జ్వరాలొచ్చి తుడిచిపెట్టుకుపోతుంది. చేతికి తీసుకున్నది మళ్ళీ పెట్టేస్తూ అరగంట తిరిగాను. అక్కను పిలిస్తే ఆమెదీ అదే పరిస్థితి. "మనకు నచ్చినయన్ని ఏడుపు పుస్తకాలేనా చెల్లె" అని నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడిపోయింది. చివరికి పల్లెటూరి సరదాల పుస్తకం ఒకటి వెతికి ఇచ్చాం. నాలుగు రోజులకు తెచ్చి ఇచ్చేస్తూ, "మంచిగున్నది మేడం. గని నడుమల మేకపిల్ల సచ్చిపోయింది" అంది, తప్పు తనదే అయినట్టు.

ఇక అప్పటినుంచి మా చదువే మారిపోయింది. అక్క బస్సులోనూ, నేను వంటయ్యాక స్టవ్ పక్కన పీట మీదా, పుస్తకాలను ఆస్వాదించడం మాని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చావులు ఏరేవాళ్ళం. యాత్రల పుస్తకాలు, పెరటి తోటల పుస్తకాలు, పిల్లల కథలు, పిట్టల గురించి రాసినవి, ఇలా ఒక్కొక్కటే ఆమెకు అందించాం. ఆమె అన్నీ చదివేది, చక్కగా అట్టలు వేసి తెచ్చేది. అంత జాగ్రత్త ఎందుకో అడగాలని ఉన్నా అడగలేదు. ఒక వానరోజు బయటికి వెళ్ళే వీల్లేక కౌంటర్ దగ్గరే నిలబడి తనే చెప్పింది.

"నాకోసం కాదు మేడం. ఇంట్ల మా అత్త, నేను, ఇద్దరమే. ఆమెకు సదువు రాదు. నేను పైకి సదువుతుంటె గోడకు ఒరిగి ఇంటది. కథల ఎవ్వరన్న సస్తె మాత్రం లేసి లోపలి అర్రలకు పోతది."

మిగతాది అడగకుండానే చెప్పింది. గ్యాస్ పొయ్యి బర్నరు బాగుచేయించుకురమ్మని ఆరోజు భర్తను తార్నాకకు పంపింది తనే. ఆ దారిలోనే ఆయన పోయాడు. అత్తగారు ఒక్క మాట కూడా అనలేదట. అనకపోగా మాట్లాడటమే మానేసిందట. ఒకామె వండుకొని తిన్నాక రెండో ఆమె వండుకుంటుంది. ఆ ఇంట్లో వినిపించే మనిషి గొంతంటే మేము ఇచ్చే పుస్తకాలదే. మా టిఫిన్ డబ్బాలు ఆ రోజు విప్పకుండానే తిరిగి ఇంటికి వెళ్ళాయి.

ఏడాది దాటింది. ఒకరోజు ఆమె ఉత్త చేతులతో వచ్చింది. "మా అత్త ఒకటి అడగమన్నది మేడం. గా మేడంకు ఇష్టమైన బుక్ ఏంది, గది మనకెందుకు ఇస్తలేదు, మనకన్ని ఉప్పు కారం లేని సప్పిడియే ఇస్తున్నది అంటున్నది." ఏడాదిగా కోడలితో ఆమె మాట్లాడిన మొదటి పొడుగు మాట అదేనట.

నాకు ప్రాణమైన నవల ఒకటుంది. అందులో చేతికందొచ్చిన కొడుకు పోతాడు, తల్లి మిగులుతుంది. నేను ఆ అర వైపు నడుస్తుంటే అక్క చెయ్యి పట్టుకొని ఆపింది. "వద్దు చెల్లె. గా ఇంట్ల ఇప్పుడిప్పుడే జర గాలి ఆడుతున్నది. మళ్ళ ఉన్నది గూడ పాడైతది." ఆమె మాట కాదనడం నాకు అలవాటు లేదు. కానీ ఆ పెద్దామె అడిగింది నన్ను. దాచిపెట్టి మరొకటి ఇస్తే ఆమెను చిన్నపిల్లను చేసినట్టవుతుందనిపించింది. పుస్తకం చేతికిస్తూ, ఇందులో కొడుకు చనిపోతాడని మీ అత్తమ్మకు ముందే చెప్పు, ఆమె వద్దంటే రేపే తెచ్చెయ్యి, అన్నాను. ఆమె తలూపి తీసుకెళ్ళింది.

మర్నాడు రాలేదు. వారం గడిచినా రాలేదు. వాళ్ళ ఆఫీసుకు వెళ్తే కుర్చీ ఖాళీగా ఉంది, సెలవు పెట్టిందన్నారు, ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో అక్క నన్ను ఒక్క మాట అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. కౌంటర్ దగ్గర ఎవరు నిలబడినా ఉలిక్కిపడేదాన్ని. ఎవరైనా మంచి పుస్తకం చెప్పమంటే తెలియదనేదాన్ని.

చివరికి ఒక సోమవారం వచ్చింది. మొహం నల్లబడింది, కానీ తేటగా ఉంది. ముందే చెప్పినా అత్తగారు చదవమందట. ఆ ఘట్టం రాగానే ఈమె గొంతు ఆగిపోతే, అర్రలోకి పోవాల్సిన మనిషి కదలకుండా కూర్చొని, "సదువు" అందట. పుస్తకం అయిపోయాక అత్తగారు అన్న మాటలు ఆమె మాకు ఉన్నవి ఉన్నట్టే చెప్పింది. "గా తల్లి రెండోనాడే లేసి బియ్యం కడిగింది సూడు. ఇంట్ల ఇంకొకళ్ళు ఆకలితోని ఉన్నరని గామెకు ఎరుకైంది." అని, లేచి వెళ్ళి తనే ఇద్దరికీ బియ్యం కడిగిందట. కంచాలు ఎదురెదురుగా పెట్టుకున్నాక కొడుకు పేరెత్తి మొదటిసారి ఏడ్చిందట. మర్నాడు ఇద్దరూ కలిసి ఊరికి వెళ్ళి, ఆయన పోయినప్పటినుంచి తాళం పడి ఉన్న ఇల్లు తీసి, ఊడ్చి, సున్నం వేసి వచ్చారట. అందుకే ఆ సెలవు.

అక్క కళ్ళు తుడుచుకుంటూ, "ఇగ మేకపిల్లలు సచ్చినా పర్వాలేదా" అని అడిగితే ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ టైపిస్టు తరువాత బదిలీ మీద వేరే కాలేజీకి వెళ్ళిపోయింది. ఆ పెద్దామెను నేను చూడనేలేదు. అక్క పోయి కూడా చాలా కాలమైంది. మొన్న చూస్తే లైబ్రరీలో మా హాలు నిండా పిల్లలే, తల దించుకొని ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటున్నారు, ఎవరి పుస్తకాలు వాళ్ళు ఇంటినుంచే తెచ్చుకున్నారు. తప్పుపట్టను, వాళ్ళకు నౌకరీ కావాలి. అరల వైపు ఎవరూ నడవడం లేదు, అంతే. నాకూ ఈమధ్య చదవాలనిపించదు. అనిపించిన రోజున ఫోన్ తెరిస్తే వందల పుస్తకాలు నీకు నచ్చుతాయంటూ వరసగా వస్తాయి. మావారు చనిపోయిన ఏడాది కూడా, చావులున్నవీ లేనివీ కలిసి, అలాగే వచ్చాయి. వాటిలో ఒకదాన్ని తీసి పక్కన పెట్టి, ఇది ఇప్పుడొద్దులే చెల్లె, కొన్నాళ్ళు ఆగి చదువు, అని చెప్పే మనిషే ఇప్పుడు లేదు.