దేవుని చిలప

1988 జూలైలో చేనేత శాఖ అద్దకం విభాగంలో జూనియర్ టెక్నికల్ అసిస్టెంట్‌గా నన్ను గద్వాలకు వేశారు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి పట్టుకు కొత్త రంగులు అద్దే పద్ధతి నేర్పాలి, వారానికోసారి వనపర్తి వెళ్లి పై అధికారికి నివేదిక ఇవ్వాలి. పద్ధతిలో నాలుగు మెట్లు: పట్టు తూకం, నీటి పరీక్ష, ఒక్క చిలపతో నమూనా, ఆ తర్వాతే మొత్తం. చిలప అంటే దారపు చుట్ట. వరుసగా పదకొండు ఇళ్లలో రంగు నేను చెప్పినట్టే వచ్చింది.

పన్నెండోది రంగప్ప ఇల్లు. చీరల అంచుకని షావుకారు ఇచ్చిన పట్టు చూపిస్తూ, "గిది ఖరాబైతే మళ్ల పట్టియ్యడు సారూ, మగ్గం ఆగుతది" అని ముందే చెప్పాడు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మొదట ఒక్క చిలపకే రంగు వేసి, దేవుని గూట్లో ఒకరోజు ఉంచి, దండం పెట్టుకున్నాకే మిగతావి గంగాళంలో వేస్తారు. దాన్ని దేవుని చిలప అంటారు.

లెక్కంతా నా రంగుల పట్టికలో ఉంది, ఇందులో దేవుణ్ణి అడగాల్సిందేమీ లేదన్నాను.

"గట్లయితే గా పట్టికకే దీపం వెడ్దమా?" అంది రంగప్ప భార్య సత్తెమ్మ. నేనూ నవ్వాను. రంగప్ప నవ్వలేదు. "సదువుకున్న సారు, చెప్తుండు గదా" అని చిలపలన్నీ నా చేతికిచ్చాడు.

పచ్చిపట్టుకు జిగురుంటుంది. సబ్బునీళ్లలో ఉడికిస్తే పోతుంది. నీళ్లలో సున్నం ఎక్కువైతే మాత్రం సబ్బు తెల్లటి పొరగా మారి దారానికి అంటుకుంటుంది, అక్కడ రంగు పట్టదు. ఇది పరీక్షల్లో రాసి పాసైన విషయమే. ఆ రోజు వాడినవి కొత్త బోరు నీళ్లు. పక్క వీధి నీళ్లు బాగున్నాయి కనుక ఇవీ అంతే అనుకుని పరీక్షించలేదు. నమూనా కూడా వేయలేదు.

మధ్యాహ్నం ఆరేసిన చిలకపచ్చ పట్టు నిండా మచ్చలు తేలాయి. మళ్లీ ఉడికించినా పోలేదు. రంగప్ప అన్నట్టే షావుకారు మళ్లీ పట్టివ్వలేదు. రంగప్ప రెండు నెలలు వేరొకరి మగ్గం మీద కూలికి కూర్చున్నాడు.

అక్కడికే వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. దేవుని చిలప కూడా ఒక పరీక్షేనని నాకు తోచలేదన్నాను.

దారాల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపకుండానే, "పరీక్ష గాదు సారూ" అన్నాడు. "నాకు తెల్వంది నీకు తెలుసు, జర జూస్కో అని దేవునికి చెప్పుడు."

రెండు మెట్లు వదిలేశానని నివేదికలో రాసి సంతకం చేశాను. అందులో అబద్ధం లేదు, అయితే కారణమూ లేదు. వాటిని నేను మరిచిపోలేదు, అక్కర్లేదనుకున్నాను. దేవుడి ముందు తల వంచనక్కర్లేదనుకున్నవాడికి నీళ్లు పరీక్షించడం కూడా అక్కర్లేదనిపించింది. తన తెలివికి పైన ఎవరూ లేరనుకునేవాణ్ణి ఏ నియమమూ ఆపలేదని నాకు అక్కడే తెలిసింది. దానికి మూల్యం రంగప్ప చెల్లించాడు.